పసిపిల్లలకు పెరుగు: జలుబు అపవాదుకు ఖండన

పసిబిడ్డకు ఏడాది నిండేవరకు పెరుగు పెట్టరాదని, పెడితే చలవ చేసి జలుబు పట్టుకుంటుందని, ఎదలో కఫం చేరి పిల్లికూతలు వస్తాయని తెలుగు ఇళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయి ఉంది. చదువుకున్న తల్లిదండ్రులు సైతం దానిని పరిశీలించవలసిన అభిప్రాయంగా కాక, పాటించి తీరవలసిన కట్టుబాటుగానే చూస్తున్నారు. చలికాలం వస్తే ఈ నిషేధం మరింత బిగుసుకుంటుంది, రాత్రిపూట దానికి సడలింపే ఉండదు, బిడ్డకు ఒక్కసారి ముక్కు కారితే ఇక ఆ నెలంతా పెరుగు ఊసే ఎత్తరు. ఆరు నెలలు నిండి అన్నం ముట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డకు, బాగా కాచిన వెన్న తీయని పాలతో తోడువేసిన, పులవని, ఉప్పు గాని చక్కెర గాని కలపని పెరుగు అన్నివిధాలా తగిన ఆహారం. అది జలుబు తెస్తుందనడానికి ఆధారం లేదు. ఆ భయం వల్ల బిడ్డలకు జరుగుతున్న నష్టానికి మాత్రం ఆధారాలు ఉన్నాయి.

ముందుగా తేల్చుకోవలసింది జలుబుకు కారణమేమిటన్నది. ముక్కు, గొంతు లోపలి పొరలకు వైరస్ సోకడం వల్ల వచ్చే అంటువ్యాధి జలుబు. దానిని కలిగించే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రైనోవైరస్‌ను శాస్త్రజ్ఞులు 1950ల నాటికే వేరుచేసి చూపారు. జలుబు ఉన్నవారి తుమ్ము తుంపరల నుంచి, ముక్కు తుడుచుకున్న చేతుల నుంచి, అదే చేత్తో ముట్టుకున్న ఆటవస్తువుల నుంచి వైరస్ బిడ్డ ముక్కులోకి, కంట్లోకి చేరుతుంది, సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి. ఈ దారిలో పెరుగుకు ఎక్కడా చోటు లేదు. పైగా రైనోవైరస్ ఆమ్లాన్ని తట్టుకోలేనిది, దానిని దగ్గరి బంధువులైన ఇతర వైరస్‌ల నుంచి వేరుచేసి గుర్తించడానికి ప్రయోగశాలల్లో చాలాకాలం వాడిన పరీక్షే అది. పెరుగు తింటే జలుబు తగ్గుతుందని దీని అర్థం కాదు, అలా చెప్పడమూ తప్పే. పులిసిన పాలు జలుబు వైరస్‌కు నిలయం కాగలవన్న ఊహకు జీవశాస్త్రంలో తావు లేదని మాత్రమే దీని భావం.

వైరస్ సంగతి ఒప్పుకుంటూనే, చల్లని పదార్థం ఒంట్లోకి పోతే రోగనిరోధక శక్తి తగ్గి ఆ వైరస్‌కు దారి దొరుకుతుందని వాదించేవారు ఉన్నారు. ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ దగ్గర 1946 నుంచి 1990 వరకు జలుబు మీదనే పరిశోధన చేసిన ఒక కేంద్రం ఉండేది. అక్కడ తొలినాళ్లలోనే స్వచ్ఛందంగా వచ్చినవారిని తడిబట్టలతో చలిగాలిలో నిలబెట్టి చూశారు, చలి తగిలినంత మాత్రాన వారికి జలుబు ఎక్కువగా రాలేదు. ఒంటికి తగిలే చలి గురించి తర్వాతి కాలంలో భిన్నమైన ఫలితాలు కూడా వెలువడ్డాయి గాని, వైరస్ లేకుండా జలుబు వస్తుందని ఎవరూ నిరూపించలేదు. అయినా ఇక్కడ ప్రశ్న చలిగాలి గురించి కాదు, ఒక చెంచా పెరుగు గురించి. ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసిన, 4 డిగ్రీల దగ్గర ఉన్న 10 గ్రాముల పెరుగు శరీరపు వేడికి, అంటే 37 డిగ్రీలకు చేరడానికి సుమారు 330 క్యాలరీల వేడి కావాలి. ఇది భౌతికశాస్త్రంలోని చిన్న క్యాలరీ, ఆహారపు లెక్కలో చెప్పే కిలోక్యాలరీలో మూడోవంతు మాత్రమే. ఎనిమిది కిలోల బిడ్డ శరీరం అంత వేడిని సుమారు ఒక నిమిషంలో పుట్టిస్తుంది. బయట పెట్టి చల్లదనం పోయిన పెరుగయితే ఆ కాస్త కూడా అవసరం లేదు. ఐస్‌లాంటి చల్లదనాన్ని బిడ్డ నోరు ఇష్టపడదు కనుక పెరుగును కాసేపు బయట ఉంచి పెట్టడం మంచిదే. అది బిడ్డకు సుఖంగా ఉండటానికే తప్ప జలుబు నివారణకు కాదు.

కఫం వాదానికి సమాధానం మరింత నేరుగా దొరుకుతుంది. పాలు, పాల పదార్థాలు ముక్కులో, గొంతులో చీమిడిని పెంచుతాయన్న నమ్మకం తెలుగువారిది మాత్రమే కాదు, పాశ్చాత్య దేశాల్లోనూ బలంగా ఉంది. దానిని పరీక్షించడానికి ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పరిశోధకులు అరవైమంది పెద్దవారికి రైనోవైరస్‌ను ఉద్దేశపూర్వకంగా సోకించి, వారు రోజూ తాగిన పాలను లెక్కించి, వారు వాడిన చేతిరుమాళ్లలోని చీమిడిని తూచి చూశారు. 1990లో ప్రచురితమైన ఆ పరిశోధనలో, అసలు పాలు ముట్టనివారికీ రోజుకు పది పదకొండు గ్లాసులు తాగినవారికీ చీమిడి పరిమాణంలో తేడా కనిపించలేదు. అంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటి బయటపడింది. పాలు కఫం చేస్తాయని ముందే నమ్మినవారు దగ్గు, ముక్కుదిబ్బడ ఎక్కువగా ఉన్నాయని చెప్పుకున్నారు గాని, తూచి చూస్తే వారి చీమిడి ఇతరుల కంటే ఎక్కువగా లేదు. అదే బృందంలోనివారు 1993లో ఆవుపాలను, రుచిలో చిక్కదనంలో తేడా తెలియకుండా తయారుచేసిన సోయాపాలను వేర్వేరుగా తాగించి చూసినప్పుడు, గొంతులో ఏదో పూత పూసినట్లుందన్న అనుభూతి రెంటికీ ఒకేలా కలిగింది. కొవ్వు కణాలున్న చిక్కని ద్రవం లాలాజలంతో కలిసినప్పుడు కలిగే స్పర్శ అది, దానినే జనం కఫంగా భావిస్తున్నారు. ఈ పరిశోధనలు పెద్దల మీద, పాలతో చేసినవి గాని పసిపిల్లల మీద పెరుగుతో చేసినవి కావన్నది నిజం. అయితే పెరుగు కఫం చేస్తుందని చెప్పే పక్షం దగ్గర ఇంతపాటి పరీక్ష కూడా లేదు, నిషేధం విధించేవారి మీదనే నిరూపణ భారం ఉంటుంది.

మరి అనుభవం మాటేమిటి? పెరుగు పెట్టిన రెండో రోజుకే బిడ్డకు జలుబు చేసిందని చెప్పే తల్లులు, అమ్మమ్మలు అబద్ధమాడటం లేదు. వారు చూసింది నిజమే, దాని నుంచి వారు తీసిన కారణమే తప్పు. తల్లి గర్భంలో ఉండగా బిడ్డకు సంక్రమించిన ప్రతిరక్షకాలు, అంటే రోగక్రిములను గుర్తుపట్టి అడ్డుకునే మాంసకృత్తులు, పుట్టిన తర్వాత నెలనెలా తగ్గుతూ ఆరో నెల వచ్చేసరికి చాలావరకు కరిగిపోతాయి. సరిగ్గా ఆ వయసులోనే బిడ్డ పాకడం మొదలుపెడుతుంది, దొరికిన ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకుంటుంది, పదిమంది చేతుల్లోకి వెళుతుంది, బడికిపోయే అన్నయ్యో అక్కయ్యో తెచ్చే ప్రతి వైరస్‌కూ దగ్గరవుతుంది. అన్నప్రాశన జరిగేదీ, పెరుగు మొదటిసారి నాలుకకు తగిలేదీ ఆ నెలల్లోనే. రెండు సంగతులు ఒకే ముహూర్తాన మొదలైతే ఒకటి మరొకదానికి కారణంగా తోచడం సహజం, దీనినే మన తర్కశాస్త్రం కాకతాళీయ న్యాయమన్నది. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబు చేయడం సాధారణమని, ఒక్కొక్కటి వారం పది రోజులు ఉంటుందని శిశువైద్య గ్రంథాలు చెబుతాయి. అంటే రోజూ పెరుగు తినే బిడ్డకు జలుబు వచ్చిన ప్రతిసారీ దానికి ముందురోజు పెరుగు తిన్న సంగతి ఉండితీరుతుంది. రోజూ అన్నం తినే బిడ్డకు ముందురోజు అన్నం తిన్న సంగతీ అలాగే ఉంటుంది, కాని నింద అన్నం మీద పడదు. పెరుగు మాన్పించిన తర్వాత కూడా జలుబులు వస్తూనే ఉంటాయి, అప్పుడు అరటిపండు మీదకో, తలస్నానం మీదకో నేరం మళ్లుతుంది.

ఈ నిషేధానికి ఆయుర్వేదం అండగా ఉందని చెప్పేవారు ఆ గ్రంథాలను తెరిచి చూడటం అవసరం. చరక సంహిత సూత్రస్థానంలో ఆహార ద్రవ్యాల గుణాలను వివరించే 27వ అధ్యాయం పెరుగును చలవ పదార్థాల్లో చేర్చలేదు, ఉష్ణగుణం గలదిగా, బలాన్నిచ్చేదిగా, ఒంటిని పుష్టిపరిచేదిగా వర్ణించింది. పెరుగు మేలు చేసే రోగాలను పేర్కొన్నప్పుడు అతిసారం, చలితో వచ్చే విషమజ్వరం, శరీరం చిక్కిపోవడంతోపాటు పీనసాన్ని, అంటే ముక్కు కారే రోగాన్ని కూడా లెక్కించింది. అదే చోట, శరదృతువు, గ్రీష్మం, వసంతం పెరుగుకు సాధారణంగా తగిన కాలాలు కావని, రక్తపిత్త వికారాల్లోనూ కఫ వికారాల్లోనూ అది హితం కాదని కూడా ఉంది, రాత్రి పెరుగు తినరాదన్న నియమం మరో అధ్యాయంలో ఉంది. వీటిని దాచవలసిన పని లేదు. కాని ఈ జాబితాలో హేమంత శిశిరాలు, అంటే అసలైన చలికాలం, నిషిద్ధంగా లేవు. నేటి తెలుగు ఇల్లు చలికాలంలో బిడ్డకు పెరుగు మాన్పించి, నడివేసవిలో చలవ చేస్తుందని తానే గిన్నెలకు గిన్నెలు తింటున్నది, అంటే గ్రంథం చెప్పినదానికి సరిగ్గా ఎదురునడుస్తున్నది. ఏడు నెలల బిడ్డకు ఏమి పెట్టాలన్నది తేల్చడానికి చరకుడే ప్రమాణమని ఇక్కడ ఎవరూ వాదించడం లేదు. శాస్త్రం పేరు చెప్పి నడిచే ఈ ఆచారానికి ఆ శాస్త్రంలోనే పునాది లేదన్నదే చెప్పవలసిన విషయం.

జలుబు భయానికి తోడు, ఇటీవలి కాలంలో వైద్యుల మాటను అరకొరగా విన్నందువల్ల మరో అపోహ పుట్టింది. ఏడాదిలోపు బిడ్డకు ఆవుపాలు, గేదెపాలు ప్రధాన పానీయంగా ఇవ్వవద్దని శిశువైద్యులు చెబుతారు, అది సరైన సలహా. లీటరు ఆవుపాలలో ఇనుము సుమారు అర మిల్లీగ్రామే ఉంటుంది. ఏడు నుంచి పన్నెండు నెలల బిడ్డకు అమెరికాలో సిఫారసు చేసే ఇనుము రోజుకు 11 మిల్లీగ్రాములు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు, సున్నం రెండూ ఇతర ఆహారంలోని ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వవు. కొందరు శిశువుల్లో పాలు ఎక్కువైతే పేగు పొర నుంచి కంటికి కనిపించనంత కొద్దిగా రక్తం పోతుంది, పాలలోని మాంసకృత్తులు, లవణాల బరువు లేత మూత్రపిండాల మీద పడుతుంది. ఇవన్నీ తల్లిపాలకో డబ్బాపాలకో బదులుగా రోజుకు అర లీటరు, ముప్పావు లీటరు పశువుల పాలు పట్టినప్పుడు వచ్చే ప్రమాదాలు. తల్లిపాలు యథాతథంగా సాగుతూ, వాటికి తోడుగా పెట్టే మెత్తని తిండిలో, అంటే అనుబంధ ఆహారంలో, రెండు మూడు చెంచాల పెరుగు కలిస్తే ఆ ప్రమాదాలు వర్తించవు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవా సంస్థ ఏడాదిలోపు ఆవుపాలు తాగించవద్దని చెబుతూనే, పాశ్చరీకరించిన వెన్న తీయని పాలతో చేసిన తీపి లేని పెరుగును సుమారు ఆరు నెలల నుంచే పెట్టవచ్చని చెబుతున్నది. తాగించే పాలు వేరు, తినిపించే పెరుగు వేరు అన్న ఈ ఒక్క తేడా వైద్యుడి గది నుంచి ఇంటికి చేరేలోపే జారిపోతున్నది.

పెరుగును సమర్థించేవారు ఇక్కడే ఒక హద్దును కూడా ఒప్పుకోవాలి. పాలు తోడుకున్నంత మాత్రాన వాటిలో ఇనుము పుట్టదు. మూడు పూటలా పెరుగన్నమే పెట్టి బిడ్డ కడుపు నింపితే, పాలు పట్టి నింపినంత చెరుపూ జరుగుతుంది. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది. ఇంతటి లేమి ఉన్న చోట బిడ్డ గిన్నెలో పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం తినే ఇళ్లలో మెత్తగా ఉడికించిన మాంసం లేక కాలేయం ముందు నిలవాలి, పెరుగు వాటి పక్కన నిలవాలి. ఒక పూట కందిపప్పు, పాలకూర కలిపిన అన్నం పెట్టి, మరో పూట పెరుగు కలిపిన మెత్తని అన్నం పెట్టడం సరైన పద్ధతి. ఇనుము ఉన్న తిండిలోనే పెరుగు కలిపేయడం కంటే రెంటినీ వేర్వేరు పూటలకు పంచడం మేలు. పెరుగు విషయంలో నిజంగా భయపడవలసినది ఏదైనా ఉంటే అది ఇనుమున్న తిండిని పక్కకు నెట్టేంతగా పెట్టడమే. ఆ భయం గురించి మాట్లాడేవారు మాత్రం కనిపించరు.

హద్దులో ఉంచిన పెరుగు బిడ్డకు ఏమి ఇస్తుందో చూస్తే దానిని పోగొట్టుకోవడం ఎంత నష్టమో తెలుస్తుంది. పాలలోని చక్కెరను లాక్టోజ్ అంటారు. తోడులోని సూక్ష్మజీవులు దానిలో కొంత భాగాన్ని తిని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లత పెరిగి పీహెచ్ 4.6 దగ్గరకు వచ్చేసరికి పాలలో తేలుతూ ఉండే కేసీన్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని వల అల్లుకుంటాయి, గిన్నెలో పాలు గడ్డకట్టడమంటే అదే. అందువల్ల పెరుగులో లాక్టోజ్ పాలకంటే తక్కువగా ఉంటుంది, మిగిలినదానిని అరిగించడానికి ఆ సూక్ష్మజీవుల ఎంజైములు పేగులో కూడా సాయపడతాయి. ఈ కారణంగానే, పద్నాలుగు రోజులు, అంతకు మించి విడవని విరేచనాలు పట్టుకున్న బిడ్డ పశువుల పాలు తాగుతున్నట్లయితే వాటి బదులు పెరుగు లాంటి పులియబెట్టిన పాలు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శిశు చికిత్సా పద్ధతి చెబుతున్నది. జబ్బుపడి నీరసించిన బిడ్డకే వైద్యం ఎంచుకున్న ఆహారాన్ని, ఆడుకుంటున్న బిడ్డకు ప్రమాదమని దూరం పెట్టడం తర్కానికి నిలవదు. పెరుగులో మంచి మాంసకృత్తులు, సున్నం, బి12 విటమిన్, ఎదిగే మెదడుకు అవసరమైన కొవ్వు ఉన్నాయి, శాకాహార కుటుంబాల్లో బి12కు పాల పదార్థాలు తప్ప చెప్పుకోదగ్గ దారి లేదు. పెరుగులోని సూక్ష్మజీవులు సకల రోగాలనూ హరిస్తాయన్న ప్రచారాన్ని మాత్రం నమ్మవలసిన పనిలేదు. 1908లో నోబెల్ బహుమతి పొందిన ఇల్యా మెచ్నికోవ్ అంతటివాడు పెరుగు ముసలితనాన్ని వాయిదా వేస్తుందని వాదించాడు, ఆ వాదం నిలవలేదు. పెరుగును ఔషధంగా పొగడనక్కరలేదు, ఆహారంగా గుర్తిస్తే చాలు.

ఇంట్లో పెరుగును వెలివేసిన చోట ఖాళీ ఖాళీగా ఉండదు. బిడ్డ నోటికి రుచి కావాలని పాలలో నానబెట్టిన బిస్కట్టు వస్తుంది, నీళ్లలాంటి పప్పుకట్టు వస్తుంది, కొంచెం డబ్బున్న ఇళ్లలోకి బొమ్మల కప్పులో స్ట్రాబెర్రీ, మామిడి రుచుల యోగర్ట్ వస్తుంది. ఇంటి పెరుగు జలుబు చేస్తుందని భయపడే తల్లిదండ్రులే, అంతకంటే చల్లగా దుకాణపు ఫ్రిజ్‌లోంచి తీసిన ఈ తీపి కప్పును పిల్లల కోసం ప్రత్యేకంగా తయారైనదని నమ్మి కొంటున్నారు. ఆ నమ్మకాన్ని కప్పు మీది ముద్రణే ఖండిస్తుంది. సాదా పెరుగు 100 గ్రాములలో సహజంగా ఉండే చక్కెర 4 నుంచి 5 గ్రాములు. లేబుల్ మీద మొత్తం చక్కెర అంతకు మించి ఎంత ఉంటే అంతా బయటి నుంచి వచ్చినదే, ఎక్కువగా కలిపిన చక్కెరే. మన దేశపు 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనలు మొత్తం చక్కెరను, కలిపిన చక్కెరను విడివిడిగా చూపాలని ఆదేశిస్తున్నాయి కనుక తల్లిదండ్రులు ఆ రెండు వరుసలు చదివితే చాలు. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలు, తీపి పానీయాలు, కృత్రిమ తీపి పదార్థాలు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. తీపికి అలవాటుపడిన నాలుక సాదా పెరుగును తిరస్కరిస్తుంది, అప్పుడు బిడ్డకు పెరుగు ఇష్టం లేదన్న నిర్ణయానికి వస్తారు. రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకుండా మన దేశంలో చట్టం ఉన్నా, అందరి కోసమని అమ్మే తీపి కప్పు మీది కార్టూన్ బొమ్మ ఆ పని చేసిపెడుతూనే ఉంది. కొనక తప్పని చోట, పాలు, తోడు తప్ప మరేదీ లేని సాదా పెరుగును, వెన్న తీయనిదానిని ఎంచుకోవాలి. వెన్న తీసిన ‘లో ఫ్యాట్’ రకాలు సన్నబడదలచిన పెద్దలకు గాని రెండేళ్లలోపు పిల్లలకు కావు. నీరు వడకట్టిన గ్రీకు యోగర్ట్ హానికరం కాకపోయినా, బిడ్డకు దాని అవసరమూ లేదు, ఆ ధర పెట్టవలసిన పనీ లేదు.

ఇంట్లో తోడువేసుకోవడం కంటే నమ్మదగిన మార్గం లేదు, అయితే పసిబిడ్డ కోసం చేసేటప్పుడు కొంచెం శ్రద్ధ పెంచాలి. పాలవాడు పోసే విడిపాలయితే పొంగు వచ్చిన తర్వాత కూడా సన్నమంట మీద కాసేపు మరగనివ్వాలి, పచ్చిపాల నుంచి క్షయ, బ్రూసెల్లోసిస్ లాంటి జబ్బులు సోకే అవకాశం ఉంది. ప్యాకెట్ పాలు పాశ్చరీకరించినవే, అంటే నిర్ణీత వేడిలో క్రిములను చంపినవే అయినా, కాచి తోడువేస్తేనే పెరుగు గట్టిగా పేరుకుంటుంది. ప్యాకెట్లలో ఫుల్‌క్రీమ్ పాలలో 6 శాతం, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం వెన్న ఉంటుంది, బిడ్డకు చివరి రకం పనికిరాదు. తెలుగు నేల మీద ఎక్కువ ఇళ్లలో వాడే గేదెపాల పెరుగు చిక్కగా ఉంటుందని భయపడి నీళ్లు కలిపి తోడువేసేవారు బిడ్డకు అందవలసిన శక్తినే పలచన చేస్తున్నారు. కాచిన పాలు చిటికెనవేలు ముంచితే హాయిగా ఓర్చుకోగలిగినంత గోరువెచ్చగా, అంటే 40 డిగ్రీల దరిదాపుల్లోకి వచ్చినప్పుడు, అర లీటరుకు అర చెంచా తోడు వేసి కలిపి, కదపకుండా మూతపెట్టాలి. పాలు మరీ వేడిగా ఉంటే తోడులోని జీవులు చస్తాయి, మరీ చల్లారితే అవి మెల్లగా పనిచేసి పెరుగు జిగటగా సాగుతుంది. వేసవిలో నాలుగైదు గంటల్లో, చలికాలంలో గుడ్డ చుట్టి వెచ్చని మూల పెట్టినా ఎనిమిది పది గంటల్లో పేరుకుంటుంది. గిన్నెను కాస్త వంచితే గడ్డ కదలకుండా, అంచున సన్నని తేట మెరుస్తూ కనిపించిన క్షణమే దానిని ఫ్రిజ్‌లో పెట్టవలసిన క్షణం, అక్కడి నుంచి ఎంతసేపు బయట ఉంటే అంత పులుస్తుంది. పులుపు ఎక్కితే బిడ్డ మొహం తిప్పుకుంటుంది, మొహం తిప్పుకుంటే పెద్దవారు చెంచాడు చక్కెర కలుపుతారు, తీపి అలవాటు చాలా ఇళ్లలో మొదలయ్యేది ఈ దారినే. బిడ్డ కోసం చిన్న గిన్నెలో వేరుగా తోడువేసి, పొడి చెంచాతో కావలసినంత తీసుకుని, బిడ్డ ఎంగిలి చెంచాను తిరిగి అసలు గిన్నెలో ముంచకుండా, రెండు రోజుల్లో వాడేస్తే సరిపోతుంది. ఏడాది నిండేవరకు ఉప్పు వద్దు, తేనె అసలే వద్దు. తేనెలో ఉండగల బీజకణాలు శిశువు పేగులో మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే బొటులిజం అనే జబ్బును తెస్తాయి. తీపి కావాలంటే మెదిపిన అరటిపండో, ఉడికించిన ఆపిలో కలిపితే చాలు.

పెరుగు నిజంగా పడని పిల్లలు ఉంటారు, వారిని గుర్తించడం అవసరం. పాల మాంసకృత్తుల అలర్జీ ఉన్న బిడ్డకు పెరుగు తిన్న నిమిషాల్లోనో కొన్ని గంటల్లోనో ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు, ఆగని వాంతులు, ఆయాసం రావచ్చు, కొందరికి రోజుల తరబడి విరేచనంలో రక్తపు చారలు కనిపించవచ్చు. అలాంటి బిడ్డకు పెరుగు ఆపి వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి, ఆయాసమో మొహం వాపో ఉంటే ఒక్క క్షణం కూడా ఆగకూడదు. అందుకే మొదటిసారి పెరుగును పగటిపూట, బిడ్డ ఆరోగ్యంగా ఉన్న రోజున, మరే కొత్త పదార్థమూ కలపకుండా, అర చెంచాతో మొదలుపెట్టడం మంచిది. ఈ అలర్జీ కొద్దిమంది పిల్లల్లోనే ఉంటుంది. దాని లక్షణాల జాబితాలో ఒంటరిగా వచ్చే మామూలు జలుబు లేదు.

జలుబు చేసిన బిడ్డ ఆహారం తగ్గించడం ఈ నమ్మకం వల్ల జరిగే చెరుపుల్లో అత్యంత విచారకరమైనది. ముక్కు దిబ్బడతో సరిగా పాలు తాగలేని, గొంతు నొప్పితో గట్టి తిండి మింగలేని బిడ్డకు చల్లగా మెత్తగా జారే పెరుగన్నం సులువుగా దిగుతుంది. ఆ సమయంలోనే దానిని లాక్కుంటే బిడ్డ ఆ వారమంతా అర్ధాకలితో గడుపుతుంది. ఏడాదికి ఆరేడు జలుబులు వచ్చే వయసులో ప్రతిసారీ ఇలా జరిగితే దాని ప్రభావం బరువు పట్టిక మీద కనిపించక మానదు. విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఇదే నడుస్తున్నది. అక్కడి వైద్య సిబ్బంది ఆరో నెల నుంచే పెరుగు పెట్టమంటారు, ఫోనులో అత్తగారు వద్దంటారు, బాలింత ఇద్దరి మధ్యా నలిగి చివరకు పెద్దవారి మాటకే తల ఒగ్గుతుంది. ఆ అత్తగారి ఆందోళనలో బిడ్డ మీది ప్రేమ తప్ప మరేమీ లేదు. శుభ్రమైన పాలు, ఫ్రిజ్ లేని కాలంలో పులిసిపోయిన పెరుగు పసిబిడ్డ కడుపును పాడుచేసిన సందర్భాలను ఆ తరం చూసే ఉంటుంది. ఆ జాగ్రత్త నాటి పరిస్థితులకు తగినదే, నేటికీ శుభ్రత విషయంలో తగినదే.

ఈ నమ్మకాన్ని మార్చగలవారు అన్నిటికంటే ముందుగా బిడ్డను చూసే వైద్యులు, ఆరోగ్య కార్యకర్తలు. తొమ్మిదో నెల నిండగానే తట్టు, రుబెల్లా టీకా కోసం దాదాపు ప్రతి తల్లీ బిడ్డను ఎత్తుకుని ఆరోగ్య కేంద్రానికి వస్తుంది. అప్పటికి బిడ్డ ఏమేమి తింటున్నదో అడిగి, ‘పశువుల పాలు తాగించడం ఏడాది తర్వాతే, పెరుగు తినిపించడం ఇప్పటినుంచే, పప్పు, గుడ్డు, ఆకుకూర మానకుండా’ అన్న ఒక్క మాట ఆ తల్లితోనూ, వెంట వచ్చిన అమ్మమ్మతోనో నానమ్మతోనో కూడా చెప్పి, టీకా కార్డు వెనుక రాసి పంపవలసిందిగా రెండు తెలుగు రాష్ట్రాల శిశువైద్యులకు, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు విజ్ఞప్తి.